రాని జబ్బుకు మందు

తొమ్మిదేళ్ళుగా నేనొక చావును మోస్తున్నాను. మా ఇంటి చావు కాదు. మా బిల్డింగులో పై అంతస్తులో ఉండిన ఏడు నెలల పాప చావు. దాంతోపాటు ఇంకో మనిషి బతుకును కూడా మోస్తున్నాను. ఆమె బతికే ఉంది. కాని ఆమె తల మీద నేను పెట్టిన నింద నాకు తెలిసి, నా నోటితో, నా చేతులతో పెట్టినది.

నా పేరు చెప్పను. నర్సును. గోదావరి జిల్లా మనిషిని. కువైట్ వచ్చి పదిహేనేళ్ళు దాటింది. పేరు చెప్పని ఒప్పుకోలు సగం ఒప్పుకోలే అని మీరనవచ్చు. అనండి. సగమైనా మీకే మొదటిసారి రాసి చెబుతున్నాను.

ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడెందుకు? దానికి కారణం ఒక వార్త. అమెరికాలో ఆమిష్ అనే వాళ్ళున్నారు. గుర్రబ్బండ్లలో తిరుగుతారు. ఇళ్ళకు కరెంటు పెట్టుకోరు. ఫోటోలు దిగరు. ఆడవాళ్ళు తల మీద తెల్లటోపీ, ఒంటి నిండా ముదురు రంగు బట్ట. ఎవరి కొట్టమైనా కాలిపోతే ఊరంతా సుత్తులు పట్టుకుని వచ్చి నాలుగు రోజుల్లో తిరిగి నిలబెడతారు. రెండేళ్ళ కిందట ఫోనులో అనుకోకుండా వాళ్ళ గురించి చదివాను. అప్పటినుంచి రోజూ డ్యూటీకి వెళ్ళే బస్సులో వాళ్ళ కబుర్లే వెతుకుతాను. ఎవరి పెళ్ళి ఏ మంగళవారం జరిగింది, ఏ బండిని ఏ లారీ గుద్దింది, ఎవరికి ఎన్నో బిడ్డ పుట్టింది. నాకేం సంబంధం? ఏమీ లేదు. కాని ఆ టోపీల కింద నాకు మా వాళ్ళ మొహాలు కనిపిస్తాయి.

తర్వాత ఒకరోజు ఆ వార్త కనపడింది. వాళ్ళలో కొందరు పిల్లలకు టీకాలు వేయించరట. వాళ్ళ ఊళ్ళలో తట్టు పాకుతోందట. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

మా వాళ్ళు అన్నాను కదా. వాళ్ళ గురించి చెప్పాలి. మంచి వాళ్ళు. ఇది మొదట రాయకపోతే మీరు తప్పుగా అర్థం చేసుకుంటారు.

నా భర్త ఇక్కడ డ్రైవరు. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు రోడ్డు మీద పోయాడు. మార్చురీ ఎక్కడో, ఏ కాగితం మీద ఎవరి సంతకం కావాలో నాకు తెలియదు. మా బిల్డింగులోనే ఒక చిన్న సహవాసం వాళ్ళు ఉండేవారు. మా వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు, ఆరో ఏడో. మగవాళ్ళు వడ్రంగులు, ఏసీ మెకానిక్కులు. చుట్టుపక్కల వాళ్ళు వాళ్ళను సాదా వాళ్ళు అనేవారు. బంగారం పెట్టుకోరు. టీవీ లేదు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డుకు తప్ప ఫోటో దిగరు. మీటలు నొక్కే పాత ఫోన్లే. ఆడవాళ్ళకు బూడిద రంగు, నీలం రంగు చీరలు, మోచేతులు దాటిన జాకెట్లు, తలకు గుడ్డ. నేను వాళ్ళ మనిషిని కాను. అంతవరకు లిఫ్టులో చూసి నవ్వడమే.

ఆయన పోయాక మూడు వారాలు వాళ్ళే నా ఇల్లు నడిపారు. ఇద్దరు మగవాళ్ళు పని మానుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి శవాన్ని ఊరికి పంపించారు. వాళ్ళ సహవాసం పెద్దాయన భార్య మార్తమ్మక్క నా పిల్లకు అన్నం తినిపించి, జడవేసి, తన పిల్లల పక్కన పడుకోబెట్టుకుంది. తర్వాత కూడా నాకు ఏ షిఫ్టు పడినా నా కూతురు వాళ్ళింట్లోనే. ఎవరూ మా మతంలోకి రమ్మనలేదు. పిలవకుండానే శుక్రవారం వాళ్ళ కూడికలో వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టాను. ప్రార్థన అయ్యాక సంగతులు చదివేవారు. ఊళ్ళ నుంచి, మస్కట్ నుంచి, బహ్రెయిన్ నుంచి వాళ్ళ సహవాసాలు రాసిన ఉత్తరాలు. ఫలానా వారికి ఆడపిల్ల. ఫలానా వారికి రంపంతో వేలు తెగింది, ప్రార్థించండి. ఫలానా వారి పాక గాలికి పోతే అందరూ కలిసి వేశారు. ఆ ఉత్తరాలు వింటుంటే నేను ఒంటరిదాన్ని కానన్న ధైర్యం కలిగేది. ఆ ధైర్యం కోసం నేనేమైనా చేసేదాన్ని. చేశాను.

వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. జబ్బు వచ్చాక మందు వేసుకోవచ్చు. రాని జబ్బుకు మందు వేసుకోవడం మాత్రం దేవుణ్ణి నమ్మకపోవడమే. అందుకని పిల్లలకు టీకాలు లేవు.

ఒకరోజు మార్తమ్మక్క చపాతీలు వత్తుతూ ఏడ్చింది. బడిలో టీకా కార్డు అడుగుతున్నారు, అది లేకపోతే చేర్చుకోరు. "పిల్లల్ని ఊరికి పంపేసి మేం ఇక్కడ ఎలా ఉంటామమ్మా" అంది. అంతే. నన్ను ఏమీ అడగలేదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. ఎవరూ నన్ను అడగలేదు.

"నేను చూస్తానక్కా" అన్నాను.

నేను అప్పుడు ఒక ప్రైవేటు క్లినిక్కులో టీకాల గదిలో పనిచేసేదాన్ని. పదకొండు మంది పిల్లలకు పదకొండు కార్డులు రాశాను. మందు సింకులో పోశాను. తేదీలు వేశాను, ముద్ర కొట్టాను, నా సంతకం చేశాను. అక్షరం ఎక్కడా వణకలేదు. మా వాళ్ళకు మాత్రం ఇది నమ్మకం ఉన్నవాళ్ళకు ఇచ్చే మినహాయింపు కాగితం అని చెప్పాను. వాళ్ళు అబద్ధం ఆడరు. అబద్ధమని తెలిస్తే ఆ కార్డులు ముట్టుకునేవారు కాదు, పిల్లల్ని ఊరికి పంపేసేవారు. అరబిక్కులో, ఇంగ్లీషులో ఉన్న ఆ కార్డులు వాళ్ళు చదవలేరు. పెద్దాయన వాటిని కళ్ళకద్దుకుని, దేవుడు దారి తెరిచాడని అన్నాడు. ఆ శుక్రవారం సంగతుల్లో నా పేరు కూడా చదివారు. మన పిల్లలకు మేలు చేసిన సహోదరి అని. నాకు కడుపు నిండినట్టయింది. భయం వేయలేదా? వేసింది. కాని ఆ పిలుపు భయం కంటే తియ్యగా ఉంది.

ఇంకొకటి. నా కూతురికి మాత్రం అన్ని టీకాలూ వేయించాను. వాళ్ళకు తెలియకుండా. నా చేత్తోనే.

నర్సుగా నాకు అన్నీ తెలుసు. టీకా వేయని పిల్లవాడు ఒక్కడుంటే ఏం కాదు, చుట్టూ ఉన్న వాళ్ళ టీకాలు కాపు కాస్తాయి. పదకొండు మంది ఒకే బిల్డింగులో, ఒకే గదిలో, ఒకే చాపల మీద కూర్చుంటే అది వేరు. ఎండిన గడ్డివాము అది. తెలిసీ ఎలా ఊరుకున్నావని అడగకండి. రోజులు గడిచాయి. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నాకు అనుమతిలా అనిపించింది.

రెండేళ్ళు గడిచాయి.

ఆ ఏడు వేసవి ముందు బహ్రెయిన్ నుంచి ఒక కుటుంబం ప్రత్యేక కూడికలకు వచ్చింది. నాలుగు రోజులు ఉన్నారు. వాళ్ళ చిన్నమ్మాయికి ముక్కు కారుతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దుమ్ము సరిపడలేదన్నారు. నిజంగానే ఆ వారమంతా దుమ్ము. కిటికీల సందుల్లో తడిగుడ్డలు పెట్టుకున్నాం. మధ్యాహ్నమే సాయంత్రంలా ఎర్రగా ఉండేది. ఆ గదిలో ముప్పై మంది పాటలు పాడారు. ఆ పిల్ల మా పిల్లల మధ్య కూర్చుని దగ్గింది. వాళ్ళు వెళ్ళిపోయారు.

తర్వాత పది రోజులు ఏమీ లేదు. నేను లెక్కపెట్టలేదు, అప్పుడు. తర్వాత లెక్కపెట్టాను. ఇప్పటికీ లెక్కపెడుతూనే ఉన్నాను.

పదకొండో రోజు మార్తమ్మక్క కూతురు రూతుకు జ్వరం వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. డ్యూటీకి వెళ్ళే ముందు చూడమంటే ఐదో అంతస్తుకు వెళ్ళాను. నోరు తెరవమన్నాను. బుగ్గల లోపల ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు. ఒంటి మీద ఇంకా ఏమీ లేదు. ఆ చుక్కలు చూశాక ఏ నర్సుకూ అనుమానం మిగలదు. నేను చెప్పాల్సిన మాట రెండక్షరాలు. తట్టు. ఆ రెండక్షరాలు పైకి అంటే తర్వాత వచ్చే ప్రశ్న, టీకా వేశారు కదా ఎలా వచ్చింది అని.

అనలేదు. పిల్లను క్లినిక్కుకు తీసుకెళ్ళాను. డాక్టరు కార్డు చూశాడు. టీకాలన్నీ ఉన్నాయి కాబట్టి మామూలు వైరల్ జ్వరమే అన్నాడు. ఆయన్ను తప్పుపట్టలేను. ఆయన నమ్మింది నా సంతకాన్ని. నేను పక్కనే నిలబడి ఉన్నాను. తల ఊపాను.

రెండు వారాల్లో పదకొండు మందిలో తొమ్మిది మందికి వచ్చింది. మా వాళ్ళు ఎవరినీ పిలవలేదు. తలుపులు వేసుకుని, కిటికీలకు దుప్పట్లు కట్టి, చీకటి గదుల్లో పిల్లల్ని పడుకోబెట్టి ప్రార్థన చేశారు. డ్యూటీ అవ్వగానే నేను వెళ్ళి జ్వరం చూసి, మందులిచ్చి, నీళ్ళు పట్టించేదాన్ని. గది తర్వాత గది. దగ్గు తర్వాత దగ్గు. జబ్బు రాకముందే చేయాల్సిన పని చేయకుండా, ఇప్పుడు గంటగంటకూ సేవ చేస్తున్నాను. వాళ్ళు నన్ను ఆశీర్వదించారు. పిల్లలందరూ కోలుకుని లేచారు.

ఆరో అంతస్తులో ఒక ఈజిప్టు కుటుంబం ఉండేది. ఆమె టీచరు. వాళ్ళ పాప పేరు ఫరా. ఏడు నెలలు. తట్టు టీకా ఏడాది నిండాకే వేస్తారు. పాపను చూసుకోవడానికి రమణమ్మ అని ఒకామె వాళ్ళింట్లోనే ఉండేది. రాయచోటి దగ్గర పల్లె. నలభైకి దగ్గర. భర్త లేడు, ఊళ్ళో ఒక కొడుకు. తన బిడ్డను ఐదేళ్ళప్పుడు వదిలి వచ్చిందట, అందుకే పాపను నేల మీద దించేది కాదు. ఎప్పుడు చూసినా చంకలోనో, పిల్లల బండిలోనో. పాప తల్లిని, ఇక్కడి పనివాళ్ళ అలవాటుగా, మామా అని పిలిచేది. పాపతో తన మాటలోనే మాట్లాడేది. ఆ పాప మొదటి మాట తెలుగే అవుతుందని మేం నవ్వుకునేవాళ్ళం.

ఫరాకు జ్వరం వచ్చింది. తర్వాత ఒళ్ళంతా ఎర్రగా పేలింది. తర్వాత ఊపిరితిత్తులకు పాకింది. ఆసుపత్రిలో ఆరు రోజులు. ఏడో రోజు ఉదయం ఆరో అంతస్తు నుంచి ఒక అరుపు మెట్ల మీదుగా కిందికి వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. గిన్నె కింద పెట్టాను. స్టవ్ కట్టేశాను. ఎందుకో ఆ చిన్న పనులన్నీ వరసగా గుర్తున్నాయి.

అధికారులు బిల్డింగుకు వచ్చారు. ఇంటింటికీ వెళ్ళి పిల్లల కార్డులు చూశారు. మా పదకొండు కార్డులూ సక్రమంగా ఉన్నాయి. అప్పటికి పేలిన మచ్చలు కూడా మానిపోయాయి. ఈ మధ్య ఎవరైనా దేశం బయటనుంచి వచ్చారా అని అడిగారు. బహ్రెయిన్ వాళ్ళు చుట్టాలు, వచ్చారు, పోయారు, అది ఎవరికీ గుర్తు రాలేదు. నాకు వచ్చింది. నేను నోరు మెదపలేదు. అందరికీ గుర్తొచ్చింది రమణమ్మ. సెలవు మీద ఊరికి పోయి తిరిగొచ్చింది. అందరి తలలూ ఒకేసారి అటు తిరిగాయి. నేను రాసిన కార్డులే ఆ తలలను తిప్పాయి.

ఆ మధ్యాహ్నం ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పాప చొక్కా. లోపలికి రావద్దన్నారట. నన్ను చూసి లేచింది. ఆ మాటలు ఒక్కటీ మరచిపోలేదు.

"నర్సమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నీకు తెలుస్తాది. నిజం చెప్పు. పాపకు నేనేనా తెచ్చింది?"

నేను చేతిసంచిని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాను.

"మామా అట్లే అంటాండాది. ఊరికి పోయొచ్చి నువ్వే తెచ్చినావు, నా బిడ్డను నువ్వే తిన్నావంటాండాది. నేనొచ్చి నెలన్నర దాటిపాయె గదా. ఊర్లో కూడా యెవురికీ లేదు. నాకు చిన్నప్పుడే తట్టమ్మ పోసిండె. మా యమ్మ యాపాకు పరిచి పండబెట్టిండె. ఒకతూరి వచ్చినోళ్ళకు మళ్ళా రాదంటారు గదా?"

రాదు. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రాదు. నెలన్నర కిందట వచ్చిన మనిషి వల్ల ఇప్పుడు రాదు. ఒంట్లో చేరాక రెండు వారాల్లో, మహా అయితే మూడు వారాల్లో బయటపడుతుంది. బడి మెట్లు ఎక్కని ఆ మనిషి తన మీద పడిన నేరాన్ని తనే, నా ముందే, సరిగ్గా విప్పి పెట్టింది. కావలసింది నా నోటి నుంచి ఒక్క మాట. కాదు. ఆ ఒక్క మాట.

"నువ్వు చెప్తే మామా వింటాది. నువ్వు డాక్టర్ల కాడ పనిచేసేదానివి. నేను గాదని ఒక్క మాట చెప్పు నర్సమ్మా."

"ఏమో రమణమ్మా" అన్నాను. "అయ్యుండొచ్చు."

ఆమె మొహంలో ఏదో ఆరిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తన రెండు చేతులు చూసుకుంది. తిప్పి చూసుకుంది. ఆ చేతులు నాకు కలలోకి రావు. మెలకువలోనే వస్తాయి. ఇంజెక్షన్ వేస్తున్నప్పుడు, పప్పు కడుగుతున్నప్పుడు.

ఎందుకలా అన్నాను? ఉద్యోగం పోతుందనా? జైలుకు పోతాననా? నా కూతురు ఎవరి పాలవుతుందనా? ఇవన్నీ నిజమే. ఇన్నేళ్ళూ ఇవే చెప్పుకున్నాను. వీటికంటే చిన్న కారణం, సిగ్గుమాలిన కారణం ఒకటుంది. నేను మేలు చేసిన సహోదరిని. శుక్రవారం చాపల మీద నా చోటు నాకు కావాలి. తప్పు చేసిన వాళ్ళను మా వాళ్ళు కొట్టరు, తిట్టరు. దూరం పెడతారు. ఎదురుగా కూర్చుని అన్నం తినరు. చేతికి చెంబు అందించరు, కింద పెడితే మనం తీసుకోవాలి. ఆ చెంబు నేల మీద పెట్టిన చప్పుడు నాకు వినపడింది. దాన్నుంచి తప్పించుకోవడానికి రమణమ్మను ముందుకు తోశాను.

ఇక్కడ ఆపితే నేను ఇంకా దాస్తున్నట్టే. పైన ఒకటి దాటేశాను. మీరు గమనించి ఉండరు. రూతును క్లినిక్కుకు తీసుకెళ్ళానన్నాను కదా.

ఐదో అంతస్తు నుంచి లిఫ్టులో దిగాం. మా బిల్డింగు లిఫ్టు నలుగురు నిలబడితే నిండిపోతుంది. గాలి ఆడదు, ఫ్యాను ఎప్పుడూ చెడిపోయే ఉండేది. రూతు కింది దాకా దగ్గుతూనే ఉంది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా రమణమ్మ. బండిలో ఫరా. కింది బకాలా కొట్టు నుంచి పాలు తెచ్చుకుంటోంది. పాప నన్ను చూసి నవ్వింది, పళ్ళు లేని చిగుళ్ళతో. నేను బయటికి వచ్చాను. తలుపు మూసుకుపోబోతుంటే చెయ్యి అడ్డంపెట్టి పట్టుకున్నాను. "రా రమణమ్మా, ఎక్కు" అన్నాను.

తట్టున్న మనిషి వెళ్ళిపోయాక కూడా ఆ గాలిలో రెండు గంటలు అది బతికి ఉంటుంది. నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతి అది. పది నిమిషాల కిందటే ఆ పిల్ల నోట్లో చుక్కలు చూసి వచ్చాను. తలుపు పట్టుకున్న ఆ క్షణంలో నాకు తెలుసు. ఆగు, కాసేపాగి రా, మెట్లెక్కి పో, ఏదైనా అనవచ్చు. ఎందుకని అడుగుతుంది. అంతే, ఎందుకని అడుగుతుందన్న భయం. ఆమె అల్లా నిన్ను చల్లగా చూడాలన్నట్టు చెయ్యి గుండెకు తాకించి, ఆ ఇంట్లో నేర్చుకున్న అలవాటది, బండి లోపలికి తోసింది. తలుపు మూసుకుంది. అంకెలు వెలిగాయి. ఒకటి. రెండు. మూడు. నేను ఆరు వచ్చేదాకా చూశాను.

రూతు నుంచే వచ్చిందో, మా మిగిలిన పిల్లల నుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు? కొన్నాళ్ళు ఆ ప్రశ్నను దుప్పటిలా కప్పుకున్నాను. కాని రోజులు లెక్కపెడితే ఆ లిఫ్టు దగ్గరికే చేరుతాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా.

రమణమ్మను పదిరోజుల్లో పంపేశారు. ఖలాస్, అన్నారట ఆ ఇంట్లో. ఒక సంచితో దిగిపోయింది. నేను ఆ రోజు డ్యూటీ మార్చుకుని బయట ఉన్నాను. ఆ శుక్రవారం కూడికలో మన సంగతులు రాసి చదివారు. మన పిల్లలకు తట్టు వచ్చి, దేవుని దయవల్ల అందరూ క్షేమంగా లేచారు. స్తోత్రం. ఫరా పేరు అందులో లేదు. ఆ పాప మా సహవాసం పిల్ల కాదు కదా. అందరితోపాటు నేనూ స్తోత్రం అన్నాను. నా గొంతు నాకే వినపడింది.

ఫరా తల్లి ఏడాది తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసింది. ఎక్కడికి వెళ్ళారో తెలియదు. నేను ఆ క్లినిక్కు మానేసి వేరే చోట చేరాను. టీకాల గదిలోకి మళ్ళీ వెళ్ళలేదు. రూతు ఇప్పుడు పదిహేనేళ్ళ పిల్ల. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. ఆ పదకొండు మంది ఎక్కడెక్కడికో వెళతారు, కాలేజీలకు, ఉద్యోగాలకు. వాళ్ళలో ఇద్దరికి ఇంకా ఆ తట్టు రాలేదు. వాళ్ళ దగ్గర నా సంతకం ఉంది. ఎక్కడ తట్టు వార్త వచ్చినా ముందు వాళ్ళిద్దరి మొహాలే గుర్తొస్తాయి.

మొన్న వేసవిలో ఒకామె కాలు కాలి డ్రెస్సింగుకు వచ్చింది. మాట వినగానే రాయచోటి వైపని తెలిసింది. మాటల్లో రమణమ్మ ఊరి పేరు వచ్చింది. నేనే అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. ఆమెకు తెలుసు. ఆ ఊళ్ళో అందరికీ తెలుసట. కువైట్‌లో బిడ్డను చంపి వచ్చిందని, ఇక్కడినుంచి పోయిన ఆడవాళ్ళే చెప్పారట. రమణమ్మ ఎవరికీ ఎదురు చెప్పదట. కొడుక్కి పెళ్ళయి నిరుడు మనవడు పుట్టాడట. "పిల్లోని తాకను గూడా తాకదు" అంది ఆమె. "దూరంగా కూసోని చూస్తాది. పిల్లోడు పాకుతా కాడికొస్తే లేసి ఇంట్లోకి పోతాది. నా చేతులు మంచివి గావు అంటాది."

కట్టు కడుతున్న నా చెయ్యి ఆగిపోయింది. తనకు నొప్పేమోనని ఆగాననుకుంది, ఫర్వాలేదులే అంది.

రమణమ్మ నంబరు తీసుకున్నాను. నాలుగు నెలలు ఊరుకున్నాను. ఆమిష్ వాళ్ళ ఊళ్ళలో తట్టు అన్న ఆ వార్త చదివిన రోజు, స్టాపు దాటిపోయి ఎక్కడో దిగి, ఎండలో ఒక గోడ నీడన నిలబడి ఫోన్ చేశాను.

"ఎవురు?"

కువైట్, మా హవల్లీ పేట బిల్డింగు, నర్సును అన్నాను. తర్వాత నేను ఆపకుండా చెప్పాను. కార్డులు. చుక్కలు. లిఫ్టు. నీవల్ల కాదు రమణమ్మా, నీకు తట్టు మళ్ళీ రాదు, నీవల్ల రాలేదు, నువ్వు అడిగిన రోజే నాకు తెలుసు, తెలిసే అబద్ధం చెప్పాను. చెప్పడం అయిపోయింది. అవతల ఇంట్లో ఎక్కడో పిల్లవాడు ఏదో గిన్నె నేలకు కొడుతున్నాడు. టంగు, టంగుమని.

"ఆ పొద్దే తెలుసునా నీకు?" అంది.

"తెలుసు."

పిల్లవాడు గిన్నె కొడుతూనే ఉన్నాడు. తిడుతుందని ఎదురుచూశాను. శపిస్తుందని ఎదురుచూశాను. శపిస్తే బాగుండేది, నాకు ఏదో ఒకటి ఇచ్చినట్టుండేది.

"అయితే," అంది, గొంతు మారిపోయింది, తెలిసిన నర్సును అడిగినట్టు కాదు, ఏదో గవర్నమెంటు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి అడిగినట్టు అడిగింది, "అయితే పిల్లోని నేను ఎత్తుకోవచ్చునా?"

"ఎత్తుకో" అన్నాను. "ఎత్తుకో రమణమ్మా."

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే తీయలేదు. ఇప్పటికీ తీయదు. తీయకపోవడమే న్యాయం.

క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు. అడిగే హక్కు లేదు. ఎత్తుకుందో లేదో కూడా నాకు తెలియదు. తొమ్మిదేళ్ళు తన చేతులను తానే నమ్మని మనిషి ఒక ఫోను మాటకు నమ్ముతుందా? అది చెప్పింది కూడా నేనే కదా, అప్పుడు అబద్ధం చెప్పిన అదే నోరు.

ఇంకా చెప్పాల్సినవాళ్ళు ఉన్నారు. మార్తమ్మక్కకు చెప్పాలి. ఆ ఇద్దరు పిల్లలకు ముందు చెప్పాలి. ఈ శుక్రవారం కూడికలో లేచి నిలబడతాను. సంగతులు చదివే వేళకు, అందరి ముందు. ఆ తర్వాత నా ఎదురుగా ఎవరూ కూర్చోరు. పోలీసుల దగ్గరికి వెళ్ళాల్సి వస్తే వెళతాను. నా కూతురికి నిన్ననే చెప్పాను. ఆ పిల్ల తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఇంకా బయటికి రాలేదు. ఫరా తల్లి ఎక్కడుందో తెలియదు. వెతుకుతాను. ఆమెకు ఏమని చెప్పాలో ఇప్పటికీ తెలియదు. మీ పాప ఎక్కిన లిఫ్టు తలుపును నేనే పట్టుకున్నానని చెప్పాలి. అంతకంటే వేరే మాట లేదు.

ఇదంతా రాశాక ఏదో తేలికపడుతుందనుకోలేదు. పడింది. దానికి కూడా సిగ్గుగానే ఉంది. కాని తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఈ సంగతి నాలో కాక బయట ఉంది. నేను చేశాను. తెలిసే చేశాను. ఇప్పుడు మీకూ తెలుసు.